వైద్య కళాశాలలో నైతికత బోధనపై పరిశోధన చేయడం ఎలా

మన దేశంలో 2019 ఆగస్టులో ఎంబీబీఎస్‌లో చేరిన బ్యాచ్ నుంచి సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళిక, అంటే విద్యార్థి చివరికి ఏమి చేయగలగాలో నిర్దేశించే ప్రణాళిక, అమలులోకి వచ్చింది. దానితోపాటే వైఖరి, నైతికత, సంభాషణ అనే మూడింటినీ కలిపిన ఏట్‌కామ్ తప్పనిసరి బోధనాంశమైంది. అప్పటి భారత వైద్య మండలి 2018లో ప్రచురించిన ఏట్‌కామ్ పుస్తకంలో 27 మాడ్యూళ్లు ఉన్నాయి. వైద్యుడు కావడమంటే ఏమిటి, రోగి కావడమంటే ఏమిటి అనే ప్రశ్నలతో మొదటి సంవత్సరంలో మొదలై, మరణాన్ని ఎదుర్కోవడం వరకు అవి ఎంబీబీఎస్ నాలుగు దశల్లో సాగుతాయి. ఒకప్పుడు ఫోరెన్సిక్ మెడిసిన్‌లో రెండు మూడు ఉపన్యాసాలతో ముగిసిపోయిన విషయానికి ఇంత చోటు దొరకడంతో, ఈ బోధన వల్ల విద్యార్థుల్లో ఏమి మారుతున్నదో తెలుసుకోవాలనే ఆసక్తి యువ అధ్యాపకుల్లోనూ పీజీ విద్యార్థుల్లోనూ పెరిగింది. ఆ ఆసక్తిని పనికివచ్చే పరిశోధనగా ఎలా మలచుకోవాలో, ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల్లో పనిచేసేవారిని దృష్టిలో పెట్టుకుని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ రంగంలో వచ్చే ప్రాజెక్టుల్లో చాలావరకు ఒకే మూసలో ఉంటాయి: తరగతికి ముందు ఇరవై ప్రశ్నల పరీక్ష, తరగతి తరువాత అదే పరీక్ష, మార్కులు పెరిగాయన్న ముగింపు. ఏ విషయాన్ని గంటసేపు బోధించి వెంటనే అడిగినా మార్కులు పెరుగుతాయి కనుక, దీనివల్ల మనకు కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ లేదు. సమ్మతి అంటే ఏమిటో నిర్వచనం రాయగలిగిన విద్యార్థి, మరునాడు వార్డులో నిద్రపోతున్న రోగి దుప్పటిని అడగకుండానే తొలగించి పొట్ట పరీక్షించవచ్చు. మన పరిశోధన ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని చూడగలగాలి. ప్రశ్న ఎంపిక నుంచి నివేదిక రాసేదాకా తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ ఈ గీటురాయిపైనే పరీక్షించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్నను చిన్నదిగా, లోతుగా ఎంచుకోవడం

"నైతికత బోధన ఫలవంతంగా ఉందా?" అనేది పరిశోధన ప్రశ్న కాదు. దానికి సమాధానం చెప్పాలంటే ఏ బోధన, ఎవరికి, ఏ దశలో, దేనిలో మార్పు అనే నాలుగు విషయాలు ముందే తేలాలి. ఇందుకు రెండు చట్రాలు బాగా ఉపయోగపడతాయి. మొదటిది 1990లో జార్జ్ మిల్లర్ ప్రతిపాదించిన పిరమిడ్. విద్యార్థికి తెలుసా, ఎలా చేయాలో తెలుసా, మన ఎదుట చేసి చూపగలడా, ఎవరూ చూడనప్పుడు కూడా నిత్యం చేస్తున్నాడా అని అది నాలుగు మెట్లుగా విడదీస్తుంది. రెండవది మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రెస్ట్ ఇచ్చిన విభజన. ఎదుట ఉన్నది నైతిక సమస్య అని గుర్తించడం, ఏది సరైనదో తర్కించడం, మిగిలిన ప్రయోజనాల కంటే దానికి ప్రాధాన్యం ఇవ్వడం, ఒత్తిడిలోనూ దానికి కట్టుబడి పనిచేయడం అనేవి నాలుగూ వేర్వేరు శక్తులని ఆయన చూపాడు. తర్కంలో దిట్ట అయిన విద్యార్థి సమస్య ఉందనే గుర్తించకపోవచ్చు. గుర్తించిన విద్యార్థి యూనిట్ చీఫ్ ఎదుట నోరు మెదపలేకపోవచ్చు. మీ ప్రశ్న ఈ రెండు చట్రాల్లో ఎక్కడ పడుతుందో ఒక్క వాక్యంలో రాయగలిగిన తరువాతే ముందుకు వెళ్లండి.

ఒక మంచి ప్రశ్నకు ఉదాహరణ: "రెండో దశలో తొలిసారి వార్డులకు వెళ్లే విద్యార్థులు, పరీక్షించే ముందు రోగి అనుమతిని ఏ మాటల్లో అడుగుతున్నారు, ఆరు నెలల తరువాత ఆ అలవాటు నిలిచిందా?" ఇందులో దశ ఉంది, గమనించదగిన ప్రవర్తన ఉంది, కాలం ఉంది. "మృతదేహమే మన తొలి గురువు" అనే మాడ్యూల్ తరువాత డిసెక్షన్ హాలులో ఫొటోలు తీసుకోవడంపై విద్యార్థుల ఆలోచన ఎలా మారిందనేది మరొకటి. రెండూ ఒక కళాశాలలో, పెద్ద ఖర్చు లేకుండా, ఏడాదిలో చేయగలిగినవే.

చదివేటప్పుడు ఫలితం కంటే పద్ధతిని చూడటం

ఈ విషయంపై ముప్పై ఏళ్లకు పైబడిన పరిశోధన ఉంది. అన్నీ చదవనవసరం లేదు గాని, నాలుగైదు అధ్యయనాలను వాటి నిర్మాణం అర్థమయ్యేవరకు చదవాలి. 1992లో టొరంటో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అధ్యయనంలో ఫిలిప్ హెబర్ట్, ఆయన సహచరులు విద్యార్థులకు చిన్న చిన్న కేసులు ఇచ్చి, అందులో ఎన్ని నైతిక అంశాలను గుర్తించగలిగారో లెక్కించారు. రెండో సంవత్సరంలో ఆ సంఖ్య పెరిగి, ఆ తరువాత తగ్గుతూ, చివరి సంవత్సరం విద్యార్థులు కొత్తగా చేరినవారికంటే తక్కువ అంశాలు గుర్తించే స్థితికి వచ్చింది. ఫలితం కలవరపెట్టేదే, కాని వారు ఒకే బ్యాచ్‌ను నాలుగేళ్లు అనుసరించలేదు, వేర్వేరు బ్యాచ్‌లను పోల్చారు. కాబట్టి ఆ తేడాలో కొంత బ్యాచ్‌ల మధ్య తేడా అయి ఉండవచ్చు. మీ నివేదికలో "తగ్గిపోయింది" అని రాసే ముందు ఈ సందేహాన్ని మీకు మీరే వేసుకోవాలి.

1994 ఈ రంగానికి ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది ఫ్యూడ్నర్, ఇద్దరు క్రిస్టకిస్‌లు కలిసి అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆరు వైద్య కళాశాలల మూడు, నాలుగు సంవత్సరాల విద్యార్థులపై చేసిన సర్వేను ప్రచురించారు. తమ నైతిక సూత్రాల్లో కొన్నైనా క్షీణించాయని లేదా పోయాయని 62 శాతం మంది చెప్పారు. తాము అనైతికమని నమ్మిన పనిని తామే చేశామని 58 శాతం మంది ఒప్పుకున్నారు. అయితే 1,853 మందిని అడిగితే జవాబిచ్చింది 665 మంది, అంటే 36 శాతం మాత్రమే. బాధపడినవారే ఎక్కువగా జవాబిచ్చి ఉంటే అసలు శాతం ఇంతకంటే తక్కువ, భయపడినవారు మౌనంగా ఉండిపోయి ఉంటే ఇంతకంటే ఎక్కువ అయి ఉంటుంది. అదే సంవత్సరం హాఫర్టీ, ఫ్రాంక్స్ రాసిన వ్యాసం, తరగతి గదిలో బోధించే పాఠం ఒకటైతే వార్డులో సీనియర్ల తీరు, రౌండ్స్‌లో వేసే జోకులు, సంస్థ ఎవరిని మెచ్చుకుంటుందనే సంకేతాలు నేర్పే పాఠం మరొకటని చూపి, దానిని దాగి ఉన్న పాఠ్యప్రణాళికగా చర్చకు తెచ్చింది. ఏట్‌కామ్‌పై పరిశోధించేవారు ఈ వ్యాసాన్ని చదవకుండా ప్రశ్నావళి తయారుచేయకూడదు.

నైతికతకు సంబంధించిన కొలతకు విలువ ఉందా అని సందేహించే సహోద్యోగులకు పపడాకిస్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనాన్ని చూపవచ్చు. అమెరికాలో వైద్య బోర్డులు క్రమశిక్షణ చర్య తీసుకున్న 235 మంది వైద్యుల విద్యార్థి దశ రికార్డులను 469 మంది ఇతరుల రికార్డులతో పోల్చినప్పుడు, కళాశాలలో వృత్తికి తగని ప్రవర్తన నమోదై ఉండే అవకాశం చర్యకు గురైనవారిలో మూడు రెట్లుగా కనిపించింది. ముఖ్యంగా బాధ్యతారాహిత్యం, లోపం చూపినా దిద్దుకోలేకపోవడం అనేవి బలమైన సూచికలుగా తేలాయి. 2003లో బ్రిటన్ నుంచి కోల్డికాట్, ఆమె సహచరులు ప్రచురించిన సర్వేలో, మత్తుమందు ఇచ్చిన రోగులపై విద్యార్థులు చేసిన అంతర్గత (యోని, మలద్వార) పరీక్షల్లో దాదాపు నాలుగోవంతుకు సమ్మతి లేనట్టు తేలింది. ఈ సర్వేలో నేర్చుకోవలసింది ప్రశ్న అడిగిన తీరు. మీకు నైతికత తెలుసా అని అడగకుండా, ఎన్ని పరీక్షలు చేశారు, సమ్మతి ఉందని మీకు తెలుసా అని జరిగిన దానిని అడిగారు.

మన దేశపు రచనలకు 1993లో ముంబైలో మొదలైన ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ ఎథిక్స్ సంచికలు మంచి ఆధారం, పైగా అవి అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి.

కొలిచే సాధనాన్ని మన వార్డులకు తగినట్టు మలచడం

ఇక్కడే ఎక్కువ సమయం వెచ్చించాలి. విదేశీ సాధనాలు సిద్ధంగా దొరుకుతాయి కనుక వాటినే వాడాలనే ఆకర్షణ బలంగా ఉంటుంది. రెస్ట్ రూపొందించిన నైతిక తర్క పరీక్ష, ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ సంస్థలో తయారైన సహానుభూతి స్కేలు వంటివి విస్తృతంగా వాడుకలో ఉన్నాయి. వాటిని వాడాలనుకుంటే హక్కుదారుల అనుమతి ముందే తీసుకోవాలి, వాక్యాలను ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. ఇతర దేశాలతో పోల్చడమే మీ ఉద్దేశమైతే అవి తగినవే. మీ ప్రశ్న మన ఆసుపత్రికి సంబంధించినదైతే మాత్రం మీ సొంత కేసు కథనాలను రాసుకోవడమే మేలని నేను భావిస్తాను.

కేసు కథనం ఎలా ఉండాలో ఒక కల్పిత ఉదాహరణతో చూద్దాం. పల్లె నుంచి వచ్చిన 58 ఏళ్ల రైతుకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని బయాప్సీలో తేలింది. పెద్ద కొడుకు యూనిట్ చీఫ్‌ను కలిసి, "నాన్నకు చెప్పకండి సార్, తట్టుకోలేరు, ఏదున్నా నాతో చెప్పండి" అన్నాడు. చీఫ్ సరేనన్నారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్‌ను రైతు పిలిచి, "బాబూ, అందరూ వాడితోనే మాట్లాడుతున్నారు. నాకేమైందో నువ్వైనా చెప్పు" అని అడిగాడు. "ఇందులో మీకు కనిపిస్తున్న సమస్యలన్నీ రాయండి. హౌస్ సర్జన్ ఇప్పుడు ఏమి మాట్లాడాలో, ఆ మాటలనే రాయండి."

ఈ కథనంలో మూడు లక్షణాలు ఉన్నాయి. సందర్భం మన వార్డులో రోజూ ఎదురయ్యేదే. నిర్ణయించవలసిన వ్యక్తి విద్యార్థికి దగ్గరి స్థానంలో ఉన్నాడు. విద్యార్థులను ప్రొఫెసర్ స్థానంలో నిలబెట్టే కథనాలు వారి అసలు ఇరకాటాన్ని పట్టుకోలేవు. చివరి ప్రశ్న సూత్రం పేరును కాకుండా పలకవలసిన మాటలను అడుగుతుంది. "స్వయంనిర్ణయ హక్కును గౌరవించాలి" అని రాయడం తేలిక, ఆ రైతు మంచం పక్కన నిలబడి ఏమనాలో రాయడం కష్టం.

మార్కుల పద్ధతిని కథనంతోపాటే రాయాలి. పై కేసులో ఒకే సరైన జవాబు లేదు. రోగికి తెలుసుకునే హక్కు, ఆయన ఎంతవరకు తెలుసుకోగోరుతున్నారో ముందుగా కనుక్కోవలసిన అవసరం, కుటుంబపు భయం వెనుక ఉన్న ప్రేమ, చీఫ్ ఇచ్చిన మాట, హౌస్ సర్జన్ అధికార పరిమితి, అబద్ధం ఆడకుండానే కొంత గడువు కోరే మార్గం, మరునాడు చీఫ్‌తో మాట్లాడవలసిన బాధ్యత అనే అంశాల్లో విద్యార్థి ఎన్నింటిని పట్టుకున్నారో చూడాలి. పాశ్చాత్య కొలమానంలో కుటుంబం ప్రస్తావన వస్తేనే మార్కు తగ్గే ప్రమాదం ఉంది. ఆసుపత్రి ఖర్చు భరించేది, పక్కన పడుకునేది, ఇంటికి తీసుకుపోయేది కుటుంబమే అయిన చోట, కుటుంబాన్ని కలుపుకొనే జవాబుకూ రోగిని పూర్తిగా పక్కనపెట్టే జవాబుకూ మధ్య తేడాను మీ పట్టిక చూపగలగాలి. చట్టం స్పష్టంగా ఉన్నచోట దానినీ పట్టికలో చేర్చండి: రోగనిర్ధారణ ప్రక్రియకు ఇచ్చిన సమ్మతి శస్త్రచికిత్సకు చెల్లదన్న 2008 నాటి సమీరా కోహ్లీ కేసు తీర్పు, సోకినవారి వివరాల గోప్యతను కాపాడే 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఇటువంటివి.

రాసిన కథనాలను ముందుగా మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్‌లోని ఇద్దరు ముగ్గురితోపాటు ఒక నర్సింగ్ సూపరింటెండెంట్‌కు, వీలైతే ఆసుపత్రి సామాజిక కార్యకర్తకు చూపండి. వైద్యులకు కనిపించని సమస్యలు వారికి కనిపిస్తాయి. ఆ తరువాత మీ అధ్యయనంలో చేరని కొద్దిమంది విద్యార్థులతో ఒక్కొక్కరిగా కూర్చుని, చదివినది ఏమర్థమైందో వారి మాటల్లో చెప్పించండి. ఎక్కడ ఆగారో, ఏ వాక్యాన్ని రెండోసారి చదివారో గుర్తించి దిద్దితే, గణాంక పరీక్షలు పట్టుకోలేని లోపాలు బయటపడతాయి.

భాష విషయంలో ఒక జాగ్రత్త. మన విద్యార్థులు పరీక్ష ఇంగ్లీషులో రాస్తారు, రోగితో తెలుగులో మాట్లాడతారు. హైదరాబాదులో ఉర్దూ, ఆదిలాబాద్ వైపు గోండీ కూడా వినవలసివస్తుంది. అఖిల భారత కోటాలో ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు ఎంబీబీఎస్ మొదట్లో ఉండే ఫౌండేషన్ కోర్సులో నేర్చుకున్న కొద్దిపాటి తెలుగుతో వార్డులో అడుగుపెడతారు. కాబట్టి రోగితో పలకవలసిన మాటలను అడిగే ప్రశ్నకు విద్యార్థి తనకు నచ్చిన భాషలో, కలగలిపి అయినా సరే, జవాబివ్వవచ్చని ముందే చెప్పండి. వార్డులో ప్రత్యక్షంగా గమనించేటప్పుడు రోగిని మీరు అన్నారా నువ్వు అన్నారా, పేరుతో పిలిచారా బెడ్ నంబరుతో పిలిచారా అనే వివరాలను నమోదు చేయండి. వయసులో తాత వంటి కూలీని ఏకవచనంతోనూ, పక్క మంచంలోని ఉద్యోగిని బహువచనంతోనూ పలకరించే తీరు ఏ విదేశీ స్కేలులోనూ దొరకని కొలత.

అనుమతి, సమ్మతి: ఈ పరిశోధనకు గుండెకాయ

నైతికతపై చేసే పరిశోధన తానే నైతికంగా తప్పు పట్టించుకుంటే దాని ఫలితానికి విలువ ఉండదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, బోధనా పద్ధతులను లేదా పాఠ్యప్రణాళికలను పోల్చే అధ్యయనాలు, వ్యక్తుల గుర్తింపు వివరాలు లేనప్పుడు, పరిశోధనలను ముందుగా పరిశీలించి అనుమతించే ఎథిక్స్ కమిటీ సమీక్ష నుంచి మినహాయింపు పొందవచ్చు. దీనిని చూసి కమిటీకి పంపనవసరం లేదనుకోవడం పొరపాటు. మినహాయింపు ఉందో లేదో తేల్చవలసింది కమిటీయే గాని పరిశోధకులు కాదు. పైగా విద్యార్థుల ఇంటర్వ్యూలు, వార్డు పరిశీలనలు, తాము చూసిన తప్పులపై ప్రశ్నలు ఉన్నప్పుడు మినహాయింపు ఆశించకూడదు. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, ఇటువంటి పరిశోధనను సమీక్షించే కమిటీ ఆరోగ్య పరిశోధన విభాగం వద్ద నమోదై ఉండాలి. మీ కళాశాల కమిటీ నమోదు కాలపరిమితి ముగిసిందో లేదో దరఖాస్తుకు ముందే కనుక్కోండి. మొదటి విద్యార్థిని అడిగే నాటికి అనుమతి పత్రం మీ చేతిలో ఉండాలి, తరువాత తెచ్చుకునే అనుమతికి అర్థం లేదు.

అసలు చిక్కు సమ్మతిలో ఉంది. విద్యార్థికి ఇంటర్నల్ మార్కులు వేసేది, హాజరు లెక్కించేది, లాగ్‌బుక్‌లో సంతకం చేసేది మీరే. అటువంటి మీరు ప్రశ్నావళి చేతికిచ్చి "ఇష్టమైతేనే నింపండి" అంటే, ఇష్టం లేదని చెప్పగలిగే ధైర్యం ఎందరికి ఉంటుంది? అధికార శ్రేణిలో కింది స్థానంలో ఉన్న విద్యార్థుల దుర్బలత్వాన్ని జాతీయ మార్గదర్శకాలు ప్రత్యేకంగా గుర్తించాయి.

ఈ సందర్భంలో మన ప్రాంతపు చరిత్రనే గుర్తు చేసుకోవాలి. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలు అధికంగా ఉన్న వసతి గృహాల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించేందుకు ఇచ్చే హెచ్‌పీవీ టీకాపై అధ్యయనం జరిగింది. 2010లో దానిని నిలిపివేశారు. ఆ తరువాత 2013లో వచ్చిన పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక, ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 పత్రాలపై వసతి గృహాల వార్డెన్లే సంతకాలు చేశారని తెలిపింది. ఆ వార్డెన్లకు బాలికలపై అధికారం ఉంది గాని, వారి తరఫున సమ్మతించే హక్కు లేదు. వైద్య కళాశాలలో విభాగాధిపతి (హెచ్‌ఓడీ) లేదా ప్రిన్సిపాల్ ఇచ్చే అనుమతి కూడా ఇటువంటిదే. అది మిమ్మల్ని తరగతి గదిలోకి అనుమతిస్తుంది, విద్యార్థి సమ్మతికి ప్రత్యామ్నాయం కాదు.

కాబట్టి సమ్మతి తీసుకునే పనిని ఆ బ్యాచ్‌కు బోధించని, మార్కులు వేయని వ్యక్తికి అప్పగించండి. వేరే కళాశాల అధ్యాపకులు లేదా వైద్యేతర విభాగపు పరిశోధకులు అయితే ఇంకా మంచిది. ఎవరు పాల్గొన్నారో, ఎవరు వద్దన్నారో ఆ ఏడాది మార్కులు ఖరారయ్యేవరకు మీకు తెలియకూడదు. తరగతి ముగిసిన వెంటనే, తలుపు దగ్గర నిలబడి పత్రాలు సేకరించవద్దు. అందరికీ పత్రం ఇచ్చి, ఖాళీదైనా సరే మూసిన కవరులో పెట్టి పెట్టెలో వేయమంటే, నింపనివారు ఎవరో తోటివారికి కూడా తెలియదు. ఆన్‌లైన్ ఫారం వాడితే ఈమెయిల్ చిరునామాలను సేకరించే అమరికను తొలగించారో లేదో మీరే స్వయంగా పరీక్షించి చూడండి. పాల్గొన్నందుకు హాజరు శాతం కలపడం, పాల్గొననివారికి అదనపు అసైన్‌మెంట్ ఇవ్వడం రెండూ బలవంతం కిందికే వస్తాయి.

మొదటి సంవత్సరం విద్యార్థులతో పనిచేసేవారు చాలాసార్లు మరచిపోయే అంశం వయసు. పదిహేడేళ్లు నిండితే నీట్ రాయవచ్చు కనుక, కళాశాలలో చేరిన తొలి నెలల్లో కొందరికి పద్దెనిమిది నిండి ఉండవు. వారికి తల్లిదండ్రుల సమ్మతితోపాటు వారి సొంత అంగీకారమూ కావాలి. లేదా వారిని మినహాయించి, ఆ సంగతిని ప్రణాళికలో కారణంతో సహా రాయాలి. ఇక వార్డులో విద్యార్థిని గమనిస్తున్నప్పుడు మంచంపై ఉన్న రోగి కూడా ఆ పరిశీలనలో భాగమే. పక్కన నిలబడి రాసుకుంటున్న మీరెవరో, ఎందుకున్నారో రోగికి తెలుగులో చెప్పి అనుమతి అడగాలి. వద్దంటే ఆయనకు అందే చికిత్సలో ఏ మార్పూ ఉండదని చెప్పి, నిజంగానే ఉండకుండా చూడాలి.

విద్యార్థి చెప్పకూడనిది చెప్పినప్పుడు

మంచి ఇంటర్వ్యూలో విద్యార్థి ఎప్పుడో ఒకప్పుడు బరువైన మాట చెబుతారు. సమ్మతి పత్రంలో రోగి వేలిముద్ర తరువాత వేయించామనో, చూడని బీపీని కేస్ షీట్‌లో రాశామనో, ఒక సీనియర్ ప్రసూతి వార్డులో తల్లిని కొట్టారనో చెప్పవచ్చు. అప్పుడు మీరేమి చేస్తారనేది ముందే నిర్ణయించి, సమాచార పత్రంలో రాసి ఉండాలి. గతంలో జరిగిన చిన్న తప్పులను గోప్యంగా ఉంచుతామని, ప్రస్తుతం రోగికి ప్రాణహాని ఉన్నా, బాలలపై లైంగిక నేరం వంటి చట్టప్రకారం తెలపవలసిన విషయమైనా గోప్యత హామీ వర్తించదని స్పష్టంగా చెప్పాలి. 2012 నాటి పోక్సో చట్టం కింద సమాచారం ఇవ్వడం ఐచ్ఛికం కాదు. ఈ హద్దును ఇంటర్వ్యూ మొదట్లో నోటితో కూడా చెప్పండి, అప్పుడు ఏది చెప్పాలో విద్యార్థే తేల్చుకుంటారు.

ర్యాగింగ్, సీనియర్ల అవమానం, తాను చూసిన మరణం గురించి మాట్లాడుతూ కంటతడి పెట్టేవారు ఉంటారు. రికార్డర్ ఆపండి. కళాశాల అధికార శ్రేణికి బయట ఉన్న కౌన్సెలర్ వివరాలు ముందే సిద్ధంగా ఉంచుకుని, ఇంటర్వ్యూ కొనసాగించాలా వద్దా అనేది విద్యార్థికే వదలండి. మీ దత్తాంశంలో ఒక ఇంటర్వ్యూ సగంలో ఆగిపోవడం వల్ల కలిగే నష్టం, ఆ విద్యార్థికి కలిగే నష్టంతో పోలిస్తే చాలా చిన్నది.

సేకరణ, విశ్లేషణ

సంఖ్యల విషయంలో ఆశ అదుపులో ఉండాలి. 150 మంది బ్యాచ్‌లో ఏదైనా ఒక అభిప్రాయం ఎందరికి ఉందో ఐదు శాతం అటూ ఇటూగా, 95 శాతం నమ్మకంతో అంచనా వేయాలంటే సుమారు 110 మంది జవాబులు కావాలి. అంతకు తగ్గితే ఎందరిని అడిగారో, ఎందరు ఇచ్చారో మొదటి పట్టికలోనే చూపండి. ముందు, తరువాత పోలిక తప్పనిసరైతే, ఆ మాడ్యూల్‌ను ఇంకా చదవని చిన్న బృందాన్ని పోలికకు పెట్టుకోండి. బోధనను కొందరికి నిరాకరించనవసరం లేదు, బ్యాచ్‌లో సగం మంది రెండు వారాల తరువాత అదే మాడ్యూల్ చదివేలా టైంటేబుల్ మారిస్తే చాలు. తక్షణ పరీక్షతో ఆగకుండా కనీసం ఆరు నెలల తరువాత మరొకసారి చూడాలి. కేసు కథనాల జవాబులను ఇద్దరు విడివిడిగా, పేర్లూ తేదీలూ కనబడకుండా దిద్ది, వారి ఏకీభావాన్ని కప్పా విలువతో, అంటే ఇద్దరి తీర్పులు యాదృచ్ఛికాన్ని మించి ఎంత కలిశాయో చెప్పే సంఖ్యతో, తెలపాలి. తేడా వచ్చినచోట చర్చించి ఏ కారణంతో ఒక అభిప్రాయానికి వచ్చారో రాసి ఉంచాలి.

ఇంటర్వ్యూల విషయంలో సంఖ్య కంటే వైవిధ్యం ముఖ్యం. తరగతిలో ముందు వరుసలో కూర్చునేవారు, ఒకసారి తప్పినవారు, కుటుంబంలో మొదటిసారి కళాశాల మెట్లెక్కినవారు, వైద్యుల పిల్లలు, తెలుగు రానివారు అందరూ ఉండాలి. రికార్డింగును అక్షరీకరించేటప్పుడు తెలుగు, ఇంగ్లీషు కలిసిన మాటలను ఉన్నవి ఉన్నట్టే ఉంచి, విశ్లేషణ పూర్తయ్యాకే అవసరమైన భాగాలను అనువదించండి. బ్రౌన్, క్లార్క్ 2006లో వివరించిన ఇతివృత్త విశ్లేషణ పద్ధతి, అంటే మాటల్లో పదేపదే కనిపించే భావాలను గుర్తించి వర్గీకరించే పద్ధతి, కొత్తవారికి అనువైనది. అయితే "సమయాభావం", "పని ఒత్తిడి" వంటి శీర్షికల కింద వాక్యాలను పేర్చడంతో ఆగిపోవద్దు. పని ఒత్తిడి అని చెప్పిన విద్యార్థి, అదే రోజు ఓపీలో పరిచయస్తుల రోగికి పావుగంట కేటాయించినట్టు చెప్పి ఉంటే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటమే విశ్లేషణ.

రాయడం, తిరిగి అందించడం

ఇంటర్వ్యూల వంటి గుణాత్మక పరిశోధన నివేదికకు 2007లో వెలువడిన కోరెక్ పట్టికలోని 32 అంశాలు మంచి తనిఖీ. వాటిలో పరిశోధకుడికీ పాల్గొన్నవారికీ ఉన్న సంబంధాన్ని వెల్లడించమనే అంశం మనకు అన్నిటికంటే ముఖ్యమైనది. మీరు వారికి బోధించేవారైతే ఆ మాట దాచకుండా రాయండి. గోప్యత దగ్గర మరింత జాగ్రత్త కావాలి. "ఒక ప్రభుత్వ కళాశాల, మూడో దశ, శస్త్రచికిత్స విభాగం, ఇతర రాష్ట్రపు విద్యార్థిని" అని రాస్తే పేరు లేకపోయినా ఆ కళాశాలలో ప్రతివారికీ ఎవరో తెలిసిపోతుంది. ఉటంకింపులకు విభాగాన్ని, లింగాన్ని, సంవత్సరాన్ని ఒకేచోట జోడించకండి. పాల్గొన్న విద్యార్థులకే ఆ భాగాలను ప్రచురణకు ముందు చూపి, గుర్తుపట్టే వీలుందా అని అడగడం మంచి పద్ధతి.

ఫలితాలను పత్రికకు పంపే ముందు రెండుచోట్ల వినిపించాలి. మొదట విద్యార్థులకు, ఆ తరువాత వారిని వార్డులో నడిపించే పీజీలకూ అధ్యాపకులకూ. రెండో సమావేశంలో విభాగాల వారీగా పోల్చిన అంకెలు చూపవద్దు. ఎవరు మాట్లాడి ఉంటారో వెతికే ప్రయత్నం అక్కడినుంచే మొదలవుతుంది. కళాశాల మొత్తానికి చెందిన ఫలితాలను చూపి, రౌండ్స్‌లో మార్చుకోగలిగిన ఒకటి రెండు పనులను వారితోనే ఎంపిక చేయించండి. మంచం దగ్గర తెర వేసిన తరువాతే పరీక్ష మొదలుపెట్టడం, విద్యార్థుల బృందాన్ని రోగికి పరిచయం చేయడం వంటివి ఖర్చులేనివి, మళ్లీ కొలవగలిగినవి.

చివరగా, ఇదే విద్యార్థులను హౌస్ సర్జన్లయ్యాక మళ్లీ కలవాలన్న ఆలోచన ఏ కొంచెం ఉన్నా, దానికి మొదటి రోజే ఏర్పాట్లు చేయాలి. భవిష్యత్తులో సంప్రదించవచ్చా అనే ప్రశ్నను తొలి సమ్మతి పత్రంలోనే విడిగా పెట్టి, ప్రతివారూ తమకు తామే ఒక రహస్య సంకేతం కల్పించుకునేలా చూడాలి. సంకేతాన్ని పేరుతో కలిపే జాబితాను జవాబుల నుంచి వేరుగా, బోధనతో సంబంధం లేని వ్యక్తి వద్ద తాళం వేసి ఉంచాలి. ఆ జాబితాను ఏ తేదీన, ఎవరి సమక్షంలో నాశనం చేస్తారో కూడా ఎథిక్స్ కమిటీకి పంపే దరఖాస్తులోనే రాయాలి.